కారు మెషీన్‌లో కడిగించాలా, చేత్తో కడుక్కోవాలా?

పోయిన ఎండాకాలంలో ఒక రాత్రి పెట్రోలు బంకులో ఆగినప్పుడు మొదటిసారి చూశాను. పైన తెల్లటి ఎల్ఈడీ లైటు, దాని కింద మా ముదురు నీలం కారు బానెట్. ఆ లైటు వెలుగు పడినచోట చుట్టూ గుండ్రంగా, సాలెపురుగు గూడు అల్లినట్టు వేల కొద్దీ సన్నటి గీతలు. మూడేళ్ళ కారు. ఎక్కడా గుద్దింది లేదు. ఆటోమేటిక్ వాష్‌కి ఒక్కసారి కూడా పంపలేదు. ఆ బ్రష్షులు పెయింటు పాడుచేస్తాయని విని, మూడేళ్ళూ చేత్తోనే తుడిపించాను.

మర్నాడు పాలిష్ పని చేసే ఒకాయన టార్చి వేసి బానెట్ అంతా చూపించారు. "ఇవి గుడ్డ గీతలు సార్. రోజూ పొద్దున తుడుస్తారే, అప్పుడు పడినవి" అన్నారు. ఆ రోజు నుంచి ఈ విషయం మీద శ్రద్ధ పెట్టాను. మెషీనా, చెయ్యా అని ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను చూసేది ఒక్కటే: గుడ్డ గానీ బ్రష్షు గానీ తగిలేలోపు కారు మీది దుమ్ము ఎంత కొట్టుకుపోయింది?

ఎందుకంటే కారు పెయింటు మనం అనుకున్నంత మందంగా ఉండదు. అన్ని పొరలూ కలిపి సుమారు 100 నుంచి 140 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). అందులో అన్నిటికన్నా పైన ఉండే రంగులేని పొర, క్లియర్ కోట్, 35 నుంచి 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. అంటే కొత్త కారు మెరుపంతా వెంట్రుక కన్నా పల్చటి పొరలో ఉంది. మన రోడ్ల మీద లేచేదేమో వట్టి మట్టి కాదు. ఏ వీధి చూసినా కట్టుబడి పనే, కాబట్టి ఇసుక, సిమెంటు, రాతిపొడి అన్నీ అందులో ఉంటాయి. ఇసుక రేణువు క్లియర్ కోట్ కన్నా చాలా గట్టిది. అది పెయింటుకీ గుడ్డకీ మధ్య ఇరుక్కుంటే ఆ గుడ్డ ఉప్పుకాగితంలా పనిచేస్తుంది. రుద్దేది మనిషి చెయ్యయినా, మోటారు తిప్పే రోలరయినా పడేది అదే గీత.

లెక్కలోకి రాని మూడో పద్ధతి

చెయ్యి, మెషీను అని రెండే పోలుస్తాం గానీ, అపార్టుమెంట్లలో ఉండేవాళ్ళ కార్లలో ఎక్కువ భాగం ఈ రెండిటిలోకీ రావు. పొద్దున అయిదింటికి ఒక మనిషి వస్తాడు. ఎనిమిది లోపు ఇరవై, పాతిక కార్లు తుడవాలి. ఒక బకెట్ నీళ్ళు, ఒక గుడ్డ. మూడో కారుకే బకెట్‌లో నీళ్ళు టీ రంగులోకి వస్తాయి. పదో కారు మీదికి వెళ్ళేటప్పటికి ఆ గుడ్డలో ముందరి తొమ్మిది కార్ల ఇసుక ఉంటుంది. పైకి తళతళలాడుతూ కనిపిస్తుంది, అందుకే మనకి అనుమానం రాదు.

ఇందులో ఆయన తప్పేమీ లేదు. నెలకు మనం ఇచ్చే అయిదారు వందలకి అంతకన్నా నీళ్ళూ టైమూ పెట్టడం కుదరదు. అందుకని మా కారు తుడిచే ఆయన్ని మాన్పించలేదు, పని మార్చాం. రెండు మైక్రోఫైబర్ గుడ్డలు మేమే కొనిచ్చాం. రోజూ అద్దాలు, లైట్లు, నంబర్ ప్లేటు తుడవడం, లోపల మ్యాట్లు దులపడం. బాడీ మీద పొడి గుడ్డ గానీ తడి గుడ్డ గానీ పెట్టవద్దన్నాం. ఆదివారం మాత్రం నీళ్ళు పోసి పూర్తిగా కడగాలి, దానికి విడిగా డబ్బులు. మొదట్లో ఆయనకి ఇది నచ్చలేదు. "వారమంతా దుమ్ముతో ఉంటే జనం నన్ను అంటారు సార్" అన్నాడు. దుమ్ము దాని మానాన అది కూర్చుంటే ఏమీ కాదు, రుద్దినప్పుడే గీస్తుందని టార్చి వేసి చూపించాక ఒప్పుకున్నాడు.

ఈకల కుచ్చుతోనో నూలు కుచ్చుతోనో పొడిగా దులిపేవాళ్ళు కూడా ఇదే పని చేస్తున్నట్టు. కారు కొన్నప్పుడు షోరూమ్ వాళ్ళు ఇచ్చే ఆ కుచ్చుని డాష్‌బోర్డుకి వాడుకోండి.

దుమ్ముని ఆదివారం దాకా వదిలెయ్యొచ్చు గానీ పిట్ట రెట్టల్నీ చెట్టు బంకనీ వదలకూడదు. రెట్టలో ఆమ్లం ఉంటుంది. ఎండకి కాలిన బానెట్ మీద ఒకటి రెండు రోజులు ఉంటే దాని అచ్చు పెయింటు మీద దిగబడిపోతుంది. గోరుతో గీకకండి. తడిపిన టిష్యూ పేపరు దాని మీద అయిదు నిమిషాలు ఉంచితే మెత్తబడుతుంది, అప్పుడు పైకి ఎత్తి తీసెయ్యాలి. ఆయుధపూజ రోజు పెట్టే పసుపు కుంకుమలకీ ఇదే వరస. మర్నాడు నీళ్ళు పోసి కడగండి, పొడిగుడ్డతో తుడవకండి. తెల్ల కారు మీద పసుపు మరక కొంచెం మిగిలినా బెంగ లేదు, ఎండకి అదే వెలిసిపోతుంది.

ఇంటి దగ్గర చేత్తో కడిగితే

సొంత ఇల్లు, నీడపట్టున కారు నిలిపే చోటు, ఒక గంట తీరిక ఉంటే దీన్ని మించింది లేదు. కాకపోతే పద్ధతి తెలిసి కడగాలి. పద్ధతి లేకుండా చేత్తో కడగడం కన్నా మంచి మెషీన్ నయం.

పొద్దున్నే గానీ, ఎండ దిగాక గానీ మొదలుపెట్టండి. బానెట్ మీద చెయ్యి వేస్తే చల్లగా తగలాలి. వేడి రేకు మీద షాంపూ ఎండిపోయి మరకలు కడుతుంది. ముందు చక్రాలు, మడ్‌గార్డుల లోపలి భాగం కడిగెయ్యాలి. అక్కడే మురికి ఎక్కువ, ఆ చిందులు కడిగిన బాడీ మీద పడితే పని మళ్ళీ మొదటికి వస్తుంది. చక్రాలకి వాడిన గుడ్డ చక్రాలకే. బ్రేకుల నుంచి రాలే ఇనప పొడి అందులో ఉంటుంది, అది బాడీ మీదికి రాకూడదు.

తర్వాత కారు మొత్తం పైనుంచి కిందికి వట్టి నీళ్ళు పొయ్యాలి. గుడ్డ లేదు, చెయ్యి లేదు, నీళ్ళే. అసలు మేలంతా ఈ అయిదు నిమిషాల్లోనే ఉంది. ఎండిన బురద ఉంటే ఓసారి తడిపి, కాసేపు నాననిచ్చి, మళ్ళీ పొయ్యాలి.

ఇప్పుడు రెండు బకెట్లు. ఒకదాంట్లో షాంపూ నీళ్ళు, రెండోదాంట్లో వట్టి నీళ్ళు. కుచ్చులున్న మైక్రోఫైబర్ గ్లవ్ ఒకటి కొనుక్కోండి, స్పాంజి కన్నా అదే మంచిది. స్పాంజి చదునుగా ఉంటుంది కాబట్టి ఇసుక దాని కిందే ఉండిపోతుంది, కుచ్చులైతే లోపలికి లాక్కుంటాయి. గ్లవ్‌ని షాంపూలో ముంచి ఒక డోరు కడగండి, వట్టి నీళ్ళ బకెట్‌లో జాడించి పిండండి, మళ్ళీ షాంపూలో ముంచండి. మొదటిసారి ఇలా కడిగాక ఆ వట్టి నీళ్ళ బకెట్‌ని కదపకుండా పది నిమిషాలు ఉంచి అడుగున చూడండి. మాకు అడుగంతా సన్నటి నల్ల ఇసుక, వేళ్ళతో నలిపితే కరకరమంది. ఒక్క బకెట్‌తో కడిగితే అదంతా మళ్ళీ కారు మీదికే వెళ్ళేది.

పైకప్పుతో మొదలుపెట్టి అద్దాలు, బానెట్, డోర్ల పైభాగం, చివర్లో కింది అంచులూ బంపర్లూ. గుండ్రంగా రుద్దకుండా నిలువుగానో అడ్డంగానో పోనివ్వండి. అప్పుడు గీత పడినా, గుండ్రటి గీతలంతగా కొట్టొచ్చినట్టు కనబడదు.

సబ్బు విషయంలో మనవాళ్ళు చాలా అజాగ్రత్త. బట్టల పొడి, గిన్నెలు తోమే లిక్విడ్ జిడ్డు తీయడానికి చేసినవి. కారు మీద మెరుపు కోసం పట్టించిన వ్యాక్స్‌ని కూడా ఆ జిడ్డుతో పాటే తీసేస్తాయి. తలకి పెట్టుకునే రూపాయి షాంపూ ప్యాకెట్ వాటికన్నా నయమే గానీ, అందులో వెంట్రుకలు మెత్తబడటానికి వేసే పదార్థాలు అద్దం మీద మసకగా మిగిలిపోతాయి. రాత్రి వాన పడితే ఎదురు లైట్లకి ఆ మసక బాగా ఇబ్బంది పెడుతుంది. కార్ షాంపూ ఒక చిన్న డబ్బా కొంటే వారానికోసారి కడిగినా నెలల తరబడి వస్తుంది.

ఆఖర్న కడిగే నీళ్ళు ఏవన్నది మన ప్రాంతంలో చాలా పెద్ద విషయం. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. కారు మీద బొట్లు బొట్లుగా ఆరిపోతే నీరు పోయి ఉప్పు మిగులుతుంది, బాత్రూమ్ కుళాయికి పట్టే తెల్ల మరకే అది. ఎండకి అది గట్టిపడితే మామూలు షాంపూకి పోదు. తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్ళు కలిపి, గుడ్డతో అద్ది, నిమిషం ఆగి కడిగెయ్యాల్సి వస్తుంది. ఇంట్లో ఆర్వో మెషీన్ వదిలేసే నీళ్ళు పారబొయ్యడం ఇష్టంలేక కారుకి వాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆలోచన మంచిదే, కానీ వడకట్టగా మిగిలిన లవణాలన్నీ ఆ నీళ్ళలోనే చేరి ఉంటాయి. చక్రాలకీ మ్యాట్లకీ వాడండి, బాడీ మీద ఆఖరి నీళ్ళుగా మాత్రం వద్దు. దానికి మునిసిపల్ నీళ్ళు ఒక బకెట్ చాలు. ఇంకా మంచివి ఏసీ పైపు నుంచి కారే నీళ్ళు. గాల్లోని తేమ చల్లబడి నీరైనదే కాబట్టి అందులో లవణాలు దాదాపు ఉండవు. రాత్రంతా బకెట్ పెట్టి పట్టుకుని, పైన పలుచటి గుడ్డతో వడకట్టి వాడుతున్నాం. మరకలు ఆగిపోయాయి.

తుడవడానికి పాత బనియన్లు, లుంగీ గుడ్డలు వాడకండి. కుట్టు అంచులు గీస్తాయి. పెద్ద మైక్రోఫైబర్ టవల్ పరిచి లాగితే నీళ్ళన్నీ పీల్చేస్తుంది.

రోడ్డు పక్క వాటర్ సర్వీసింగ్

మన ఊళ్ళలో "కారు కడిగించా" అంటే చాలావరకు ఇదే. ర్యాంపు మీదికి ఎక్కించి, ప్రెషర్ గన్‌తో కొట్టి, తెల్లటి నురగ పట్టించి, మళ్ళీ నీళ్ళు కొట్టి తుడిచి ఇస్తారు. మా ఏరియాలో చిన్న కారుకి నాలుగు వందలు, పెద్దదానికి ఆరు వందల దాకా తీసుకుంటున్నారు. ముట్టుకునేలోపు దుమ్ము పోవాలన్న కొలతతో చూస్తే ఇది చాలా మంచి పద్ధతి. నీటి ఒత్తిడికి మట్టి మొత్తం రాలిపోతుంది, నురగ మిగిలినదాన్ని వదులు చేస్తుంది. వానాకాలంలో కారు అడుగు భాగం కడిగించడానికి ఇంతకన్నా మార్గం లేదు. ముఖ్యంగా నల్లరేగడి నేలల్లో తిరిగే కార్లకి ఇది తప్పనిసరి. ఆ మట్టి మడ్‌గార్డుల లోపల ముద్దలుగా పట్టి, తడి ఆరకుండా ఉంచి, తుప్పు తెప్పిస్తుంది.

చెడగొట్టేది చివరి పది నిమిషాలు. నురగ రుద్దడానికి వాడే స్పాంజి నేల మీద పడి ఉంటుంది. తుడిచే గుడ్డ అందరి కార్లదీ. నేను ఇంటి నుంచి నా గ్లవ్, నా టవల్ తీసుకెళ్ళి ఇస్తాను, ఎవరూ కాదనలేదు. గన్ కనీసం అడుగు దూరంలో పట్టమని చెప్పాలి. దగ్గరగా పెడితే పెచ్చులేచిన పెయింటు ఇంకా ఊడుతుంది, స్టిక్కర్లు పోతాయి, గ్రిల్ వెనక రేడియేటర్ రేకులు వంగుతాయి. ఇంజిన్ మీద గన్‌తో కొట్టనివ్వకండి. వైర్ల కనెక్టర్లలోకి, ఫ్యూజ్ బాక్సులోకి నీళ్ళు దిగితే ఆ తర్వాత వచ్చే ఎలక్ట్రికల్ తలనొప్పి ఓ పట్టాన తెమలదు. కింద డీజిల్ కొడతామంటే కూడా వద్దనండి. చూడ్డానికి నల్లగా నిగనిగలాడుతుంది గానీ డీజిల్ తగిలితే రబ్బరు బుష్‌లు ఉబ్బి మెత్తబడతాయి, పైగా దుమ్ము రెట్టింపు అంటుకుంటుంది.

ఆటోమేటిక్ మెషీన్లు

మన దగ్గర షోరూమ్ సర్వీస్ సెంటర్లలో, కొన్ని బంకుల్లో కనిపించేది ఎక్కువగా గుమ్మంలాంటి ఫ్రేమ్ ఉన్న రకం. కారు నిలబడి ఉంటుంది, ఆ గుమ్మమే ముందుకీ వెనక్కీ కదులుతూ నీళ్ళు, నురగ, రోలర్లు, గాలి వరసగా పట్టిస్తుంది. అమెరికాలో ఎక్కువగా ఉండే టన్నెల్ రకంలో కారే పట్టాల మీద ముందుకు జరుగుతుంది. లోపలేం జరుగుతుందో చూస్తే వీటిలో రెండు జాతులున్నాయి.

ఒకటి రోలర్ తగిలేది. పాతకాలం నైలాన్ పళ్ళ బ్రష్షులు నిజంగానే గీసేవి, వాటికొచ్చిన చెడ్డపేరు న్యాయమే. ఇప్పటి మంచి మెషీన్లలో మెత్తటి ఫోమ్ గానీ గుడ్డ పట్టీలు గానీ ఉంటాయి. ఆ ఫోమ్ నీళ్ళూ ఇసుకా పీల్చుకోదు. అయినా ఒక చిక్కు ఉంది: ముందు వచ్చిన కారు పొలం గట్ల మీద నుంచి వచ్చిందనుకోండి, ఆ మట్టి రోలర్‌లో కొంతైనా మిగలొచ్చు. రోలర్ తిరగకముందు బాగా నీళ్ళు కొట్టే మెషీన్ అయితే ఈ భయం చాలా తగ్గుతుంది. వెళ్ళినప్పుడు ముందు ఒక కారు లోపలికి వెళ్ళనిచ్చి చూడండి. రోలర్లు తగిలే ముందే ఆ కారు నుంచి మురికి నీళ్ళు కిందికి కారుతున్నాయా? పనివాళ్ళు బురద కార్లని ముందుగా గన్‌తో కొట్టి పంపుతున్నారా? ఈ రెండూ కనబడకపోతే నేను వెనక్కి తిప్పుకుంటాను.

రెండోది అసలేదీ తగలనిది, టచ్‌లెస్. నీటి ఒత్తిడి, రసాయనాలు, అంతే. గీతల భయం లేదు. కానీ రుద్దడం ఉండదు కాబట్టి ఆ పని ఘాటైన రసాయనాలతో చేయించాలి. అవి వ్యాక్స్‌ని తొందరగా తినేస్తాయి. రోడ్డు మీద పట్టే పలుచటి జిడ్డు పొర కొంత అలాగే మిగులుతుంది, వేలుతో రాస్తే తెలుస్తుంది.

లోపలికి వెళ్ళేముందు సైడు అద్దాలు మడవండి. యాంటెన్నా తిప్పి తీసే రకమైతే తీసెయ్యండి. వానకి వాటంతటవే తిరిగే వైపర్లుంటే ఆఫ్ చెయ్యండి, లేకపోతే రోలర్ మీద పడిన క్షణంలోనే లేస్తాయి. పైన క్యారియరు, వదులుగా ఉన్న నంబర్ ప్లేటు ఫ్రేము ఉంటే ఆ రోజుకి మానుకోవడమే మంచిది. టన్నెల్‌లో న్యూట్రల్‌లో పెట్టి బ్రేకు, స్టీరింగు ముట్టుకోకూడదు. ఆటో హోల్డ్ (కారు ఆగగానే బ్రేకుని దానంతటదే పట్టి ఉంచే ఏర్పాటు) ఉన్న కార్లలో అది ఆఫ్ చెయ్యాలి. కరెంటు కారైతే చార్జింగ్ మూత మూసుకుందో లేదో చూసుకోండి.

ఈమధ్యే టచింగ్, పెయింటింగ్ చేయించిన కారుని నెల రోజుల దాకా మెషీన్‌లో పెట్టకండి. మ్యాట్ ఫినిష్, అంటే మెరుపు లేని పెయింటు ఉన్న కారు ఎప్పుడూ పెట్టకూడదు. దాని మీద గీత పడితే పాలిష్ చేసి పోగొట్టే వీలు లేదు.

నీళ్ళ లెక్క

దీన్ని పక్కన పెట్టడం నాకు చేతకాదు. మామూలు కుళాయికి పైపు తగిలిస్తే నిమిషానికి 10 నుంచి 15 లీటర్లు వస్తాయి. పైపు వదిలేసి ఇరవై నిమిషాలు కడిగితే 200 లీటర్ల పైమాట. వారానికోసారి అలా కడిగే 50 కార్లున్న అపార్టుమెంటులో నెలకు 40 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. ఏప్రిల్, మే నెలల్లో బోర్లు ఎండి ట్యాంకర్ కోసం ఫోన్లు చేసుకునే ఇళ్ళలోనే పొద్దున పైపులు పారుతుంటాయి. 2024 మార్చిలో బెంగళూరులో నీళ్ళకి కటకట వచ్చినప్పుడు అక్కడి జలమండలి తాగునీళ్ళతో కార్లు కడగడాన్ని నిషేధించి 5 వేల రూపాయల జరిమానా పెట్టింది.

రెండు బకెట్ల పద్ధతిలో మొత్తం 60 లీటర్ల లోపే అయిపోతుంది. ఇంట్లో వాడే చిన్న ప్రెషర్ వాషర్ నిమిషానికి 6, 7 లీటర్లే తీసుకుంటుంది. ఆటోమేటిక్ సెంటర్‌లో అయితే నీళ్ళని శుద్ధిచేసి మళ్ళీ వాడే ప్లాంటు ఉందా అని అడగండి. ఉంటే నీటి విషయంలో ఇంటి పైపు కన్నా అదే ఎన్నో రెట్లు మేలు.

మరి మీకేది?

నలుపు, ముదురు నీలం, ముదురు ఎరుపు కార్లయితే గీతలు ఇట్టే కనబడతాయి. రెండు బకెట్లతో చేత్తో కడుక్కోండి, కుదరనప్పుడు మీ సొంత గ్లవ్‌తో వాటర్ సర్వీసింగ్. రోలర్ మెషీన్‌కి పంపవద్దనే చెబుతాను. తెలుపు, వెండి రంగు కార్లకి ఆ పట్టింపు అంత అక్కర్లేదు. నెలకు రెండుసార్లు మంచి ఆటోమేటిక్ వాష్‌లో పెట్టినా అయిదేళ్ళ తర్వాత చూసేవాళ్ళకి తేడా తెలియదు. ట్యాక్సీ నడుపుకునేవాళ్ళకి టైమే డబ్బు కాబట్టి వాళ్ళకి మెషీనే సరైనది.

అపార్టుమెంటులో ఉండి నీళ్ళు వాడనివ్వకపోతే పదిహేను రోజులకోసారి వాటర్ సర్వీసింగ్ చేయించుకుని మధ్యలో అద్దాలు మాత్రం తుడుచుకోండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో అడుగు భాగం నెలకోసారైనా మంచినీళ్ళతో కడగాలి. సూర్యలంక బీచ్‌లోనో మరోచోటో ఇసుకలోకి కారు దించితే మాత్రం మర్నాటి దాకా ఆగకండి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు కొందరు ఇక్కడి అలవాటుతో డ్రైవ్‌వేలో బకెట్ పెట్టుకుని కడుగుతారు. అక్కడ వీధి కాలువలోకి పోయిన సబ్బు నీళ్ళు చాలాచోట్ల శుద్ధి కాకుండానే వాగుల్లో కలుస్తాయి. వాష్ సెంటర్ల నీళ్ళు మురుగు శుద్ధి ప్లాంటుకి వెళ్తాయి. న్యూజెర్సీ, షికాగో వైపు చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి, ఆ నాలుగు నెలలూ అడుగు భాగం కడిగే టన్నెల్ వాషే సరైనది. గీతలకన్నా తుప్పు ప్రమాదం. డాలస్‌లో ఉన్నవాళ్ళకి ఆ బాధ అంతగా లేదు, ఓపికుంటే చేత్తోనే కడుక్కోవచ్చు. నెలకి ఎన్నిసార్లయినా అనే మెంబర్‌షిప్ తీసుకున్నాం కదా అని రోజు మార్చి రోజు రోలర్ కింద పెట్టడం మాత్రం పెయింటుకి మంచిది కాదు.

ఎక్కడ ఎలా కడిగినా, కడిగిన వెంటనే కారు పార్కింగ్‌లో పెట్టి తాళం వేసెయ్యకండి. బ్రేకు డిస్కులు తడిగా ఉంటాయి. రాత్రికి రాత్రి వాటి మీద నారింజ రంగు తుప్పు పడుతుంది, హ్యాండ్ బ్రేకు వేసి రెండు మూడు రోజులు వదిలేస్తే ప్యాడ్లు అతుక్కుపోయే అవకాశం ఉంది. కాలనీలో ఒక చుట్టు తిరిగి, నాలుగైదు సార్లు మెల్లగా బ్రేకు నొక్కితే ఆ వేడికి ఆరిపోతాయి. అలాగే దూర ప్రయాణం చేసి వచ్చిన కారు చక్రాల మీద వెంటనే చల్లటి నీళ్ళు కొట్టకండి. ఒక అరగంట ఆగి, టీ తాగి వచ్చి మొదలుపెట్టండి.